అమ్మ ఆది జాకెట్టుతో అల్లిన మొహెయిర్ స్వెటర్

ఏటా కార్తీక మాసం ముగిశాక మా అమ్మ నరసాపురం నుంచి బెంగళూరు వచ్చి, సంక్రాంతికి ముందు తిరిగి వెళుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉత్తరాది వాళ్లు దీన్ని చలిగా లెక్కపెట్టరు గానీ, గోదావరి గాలిలో 68 ఏళ్లు గడిపిన మనిషికి ఇది ఎముకలు కొరికే చలే. అయినా అయిదున్నరకే లేచి, స్నానం చేసి, మల్లేశ్వరంలోని మా ఇంటి బాల్కనీలో తులసి కోట దగ్గర దీపం పెట్టే అలవాటును ఆమె మానదు. శాలువా కప్పుకుంటే వంగినప్పుడల్లా అంచు జారి దీపం మీదకు వస్తుంది. నేను కొనిపెట్టిన స్వెటరు వేసుకుంటే చంకల దగ్గర మడతలు పడి పైట నిలవదు. "బస్తా తొడుక్కున్నట్టుందే ఇది. రవికలాగా ఒంటికి పట్టి ఉండేది, బరువు లేనిది ఏదైనా అల్లగలవేమో చూడు" అని నిరుడు ఆమె అన్న మాటతో ఈ పని మొదలైంది.

ఒంటికి పట్టి ఉండాలి, బరువు ఉండకూడదు, వెచ్చగా ఉండాలి అనే మూడు కోరికలనూ ఒకేసారి తీర్చగల దారం నాకు తెలిసి ఒక్కటే: పట్టుపోగు మీద మేకపిల్ల మొహెయిర్‌ను, అంటే అంగోరా జాతి మేక వెంట్రుకను, పట్టించి తయారుచేసే సన్నని లేసు దారం. 25 గ్రాముల ఉండలో సుమారు 210 మీటర్ల దారం ఉంటుంది. అందులో మొహెయిర్ 70 శాతం, పట్టు 30 శాతం ఉండడం మామూలు. దారం చుట్టూ పొగలాగా లేచి నిలిచే నూగు తన మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి, వేళ్లకు దాదాపు ఏమీ తగలనంత పల్చని బట్ట కూడా వెచ్చగా ఉంటుంది. దీపం దగ్గర వేసుకునే బట్ట అన్న విషయం కూడా నా మనసులో ఉంది. నూగు ఉన్న బట్ట ఏదైనా నిప్పుకు దూరంగానే ఉండాలి, అందులో సందేహం లేదు. కానీ మొహెయిర్, ఊలు వంటి జంతు రోమాలు అంత తేలికగా అంటుకోవు, అంటుకున్నా కరిగి చర్మానికి అతుక్కుపోవు. యాక్రిలిక్ మాత్రం కరిగి అతుక్కుంటుంది.

ఈ తేడా దారం కొనేటప్పుడు కూడా ఉపయోగపడింది. నగరంలోని ఒక దుకాణంలో మొహెయిర్ అని చెప్పి నాకు ఇచ్చిన మెత్తటి నూగు దారం ఇంటికి తెచ్చాక అనుమానం వచ్చి, జానెడు ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి మంటకు చూపించాను. అది ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గోటితో నొక్కినా నలగని నల్లటి పూసగా మిగిలింది. అసలైన మొహెయిర్ అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య పొడి అయ్యే బూడిద మిగులుతుంది. ఆ దారాన్ని పిల్లల బొమ్మల కోసం పక్కన పెట్టి, విదేశం నుంచి వస్తున్న బంధువుల చేత 4 ఉండలు తెప్పించుకున్నాను. అమ్మకు ఇష్టమైన నెమలికంఠం రంగు దొరికింది.

ఈ దారం గురించి తెలుసుకున్న కొద్దీ దాని మీద నాకు గౌరవం పెరిగింది. మొహెయిర్ ఇచ్చేది అంగోరా మేక. ఈనాటి టర్కీ రాజధాని అంకారాకు పాత పేరు అంగోరా, ఆ పేరే మేకకు వచ్చింది. అంగోరా అనే పేరుతో అమ్మే ఊలు మాత్రం కుందేలుది, ఈ రెంటినీ కలిపేసి మాట్లాడడం దుకాణాల్లో తరచుగా వింటాను. 1838లో ఈ మేకలు దక్షిణాఫ్రికా చేరాయి, ఇప్పుడు ప్రపంచంలో మొహెయిర్ అత్యధికంగా పండేది అక్కడే. మేకకు ఏడాదికి రెండుసార్లు జుట్టు కత్తిరిస్తారు. పిల్లగా ఉన్నప్పటి మొదటి కత్తిరింపుల్లో వచ్చే వెంట్రుక మందం 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ప్రాంతంలో ఉండి చర్మానికి మెత్తగా తగులుతుంది, మేక ముదిరిన కొద్దీ అది 35 దాటి ముతకబారుతుంది. దారం పేరులో 'కిడ్' (మేకపిల్ల) అనే మాట ఉందో లేదో చూడమని అందుకే చెబుతాను. మరొక సంగతి కూడా చూడాలి. 2018లో దక్షిణాఫ్రికాలోని కొన్ని మేకల క్షేత్రాల్లో జరుగుతున్న క్రూరత్వం వీడియోలతో సహా బయటపడి, చాలా దుస్తుల సంస్థలు మొహెయిర్ వాడకాన్ని ఆపేశాయి. 2020లో టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ మేకల సంరక్షణకు నియమాలు పెడుతూ రెస్పాన్సిబుల్ మొహెయిర్ స్టాండర్డ్‌ను తెచ్చింది. ఆ ధ్రువీకరణ ఉన్న దారమే తెమ్మని నేను బంధువులకు గట్టిగా చెప్పాను, వారు రెండు దుకాణాలు తిరిగి తెచ్చారు. నొప్పితో వచ్చిన దారాన్ని దీపం పెట్టే మనిషి ఒంటి మీద వేయడానికి నాకు మనసొప్పదు.

అమ్మ తన పెట్టెలో నుంచి ఆది జాకెట్టు తీసి ఇచ్చింది. దర్జీకి కొత్త రవిక గుడ్డతో పాటు కొలత కోసం ఇచ్చే పాత రవికను మా ఇళ్లలో అలాగే అంటాము. ఒంటికి సరిగ్గా కుదిరిన రవిక ఒక్కటి ఉంటే దాన్నే ఏళ్ల తరబడి ఆదిగా దాచుకుంటారు. అమ్మది లేత గోధుమరంగు నూలు రవిక, వెనక వీపు మీద చెమటకు రంగు వెలిసింది, భుజాల మీద కుట్టు మాత్రం ఇప్పటికీ గీత గీసినట్టు ఉంది. దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూస్తే ఒంటికి పట్టి ఉండే బట్ట రహస్యమంతా అక్కడే కనిపిస్తుంది. ముందు భాగాలు రెండు, వెనక భాగం ఒకటి, చేతులు రెండు, అన్నీ వేరువేరుగా కత్తిరించినవి. చేతి పైభాగం గంట ఆకారంలో ఉంటుంది, చంక వంపు దానికి ఎదురుగా లోపలికి తవ్వినట్టు ఉంటుంది, ఈ రెండూ కలిసే కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర మీద కూర్చుంటుంది.

అల్లిక తెలిసిన నా స్నేహితుల్లో చాలామంది స్వెటరును మెడ దగ్గర మొదలుపెట్టి, వలయం సూది (రెండు కొనలను తీగతో కలిపిన సూది) మీద ఒంటి ముక్కగా కిందికి అల్లుకుంటూ పోతారు. కుట్టు పని ఉండదు, మధ్యలో తొడిగి చూసుకోవచ్చు, నేనూ పిల్లలకు అలాగే అల్లుతాను. కానీ ఆ పద్ధతిలో చేయి, ఒళ్లు కలిసే గీత మెడ నుంచి చంకకు ఏటవాలుగా దిగుతుంది. చేతులు కిందికి దించినప్పుడు ఆ మిగులు బట్ట అంతా చంక ముందు మడతలుగా పోగవుతుంది. వదులు స్వెటరుకు అది ఇబ్బంది కాదు, పైట కింద వేసుకునే బట్టకు మాత్రం అదే పెద్ద ఇబ్బంది. పైగా మొహెయిర్ స్వభావం ఒకటుంది. గొర్రె ఊలు వెంట్రుకలో సహజంగా ఉండే సన్నని వంకులు దానికి స్ప్రింగులాగా పనిచేస్తాయి, లాగి వదిలితే వెనక్కి వస్తుంది. మొహెయిర్ వెంట్రుక నునుపుగా, దాదాపు తిన్నగా ఉంటుంది. దాని మెరుపుకు ఆ నునుపే కారణం, సాగితే తనంతట తాను ముడుచుకోకపోవడానికీ ఆ తిన్నదనమే కారణం. అటువంటి దారంతో అల్లిన బట్ట ఒంటికి పట్టి ఉండాలంటే దానికి ఎముకల్లాంటివి కావాలి, ఆ ఎముకలు కుట్లే. భుజం మీద ఒక కుట్టు, చంక చుట్టూ ఒక కుట్టు, పక్కన ఒక కుట్టు ఉంటే బట్ట వాటిని పట్టుకుని నిలుస్తుంది. చేతులను వేరుగా అల్లి కుట్టడం శ్రమ అని తెలిసీ ఆ దారినే పట్టడానికి నాకు ఇంతకంటే వేరే కారణం అక్కరలేకపోయింది.

తలమీద నుంచి తొడిగే స్వెటరు అయితే పని తేలిక. అమ్మ ఒప్పుకోలేదు. "ఎనిమిదింటికి ఎండ వస్తుంది కదే, చీర కట్టుకున్నాక తలమీద నుంచి ఎలా తియ్యను?" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. కనుక ముందు తెరుచుకునే స్వెటరు అని నిర్ణయమైంది. ముందు తెరుచుకుని ఒంటికి పట్టే అల్లిక బట్టలో ఉన్న చిక్కు, గుండీకీ గుండీకీ మధ్య నోరు తెరుచుకోవడం. దానికి విరుగుడు తరువాత చెబుతాను.

ముందుగా 15 సెంటీమీటర్ల చదరపు నమూనా ముక్క 4 మిల్లీమీటర్ల చెక్క సూదులతో అల్లాను. లోహపు సూదుల మీద ఈ దారం జారిపోతుంది, చెక్క కొంచెం పట్టుకుంటుంది. అల్లిన వెంటనే కొలిస్తే 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, అంటే అల్లిక ఉచ్చులు, వచ్చాయి. ఉతికి ఆరబెట్టాక అదే ముక్కలో 20 కుట్లు, 28 వరుసలు. ఉతకకుండా లెక్క వేసి ఉంటే ఛాతీ దగ్గర 9 సెంటీమీటర్లకు పైగా వదులు వచ్చి ఉండేది, ఇంత శ్రమా అమ్మ చెప్పిన బస్తా దగ్గరే ఆగిపోయేది. నమూనా ముక్క అల్లడానికి బద్ధకించే వాళ్లకు నేను చెప్పగలిగినది ఆ 2 కుట్ల తేడాయే.

రవిక వేసుకుని నిలబడ్డ అమ్మ ఛాతీ చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. వదులు ఏమీ కలపలేదు. వెనక భాగం 48 సెంటీమీటర్లకు 96 కుట్లు, పక్క కుట్లలోకి పోయే 2 కలిపి 98. నడుము పట్టీ 6 సెంటీమీటర్లు, ఒక సీదా (తిన్న కుట్టు), ఒక ఉల్టా (తిరగ కుట్టు) వంతున. పక్క ఫ్లాట్‌లోని పంజాబీ ఆంటీ దగ్గర సూదులు పట్టడం నేర్చుకున్న నాకు ఆ పేర్లే నోటికి వస్తాయి. ఈ దారంలో ఒంటిపోగు పట్టీ బిగువుగా నిలవదు కనుక, పట్టీల వరకు రెండు పోగులు కలిపి, 3.25 మిల్లీమీటర్ల సూదులతో అల్లాను. చంక వరకు మొత్తం 27 సెంటీమీటర్లు, ఆపైన భుజం వరకు 19. ఆది జాకెట్టులో భుజం చివరి నుంచి భుజం చివరికి 36 సెంటీమీటర్లు ఉంది. అంటే 72 కుట్లు, అంచులకు 2 కలిపి 74. ఇంకా తగ్గవలసినవి 24, ఒక్కో వైపు 12. చంక మొదట్లో 5 కుట్లు ఒక్కసారిగా మూసి, ఆ తరువాత వరుస విడిచి వరుస ఒక్కొక్క కుట్టు చొప్పున 7 సార్లు తగ్గించాను. భుజాలకు 22 చొప్పున, మెడకు 30 కుట్లు మిగిలాయి. ముందు భాగాలు రెండూ ఇదే లెక్కన సగం సగం, మధ్యలో పట్టీకి చోటు వదిలి.

ముదురు రంగు మొహెయిర్‌లో కుట్లు కనిపించవు, చేతికి తగులుతాయంతే. ఒడిలో తెల్లటి తువ్వాలు పరుచుకుని, పగటి వెలుగులోనే అల్లాను. చంక మొదలయ్యే వరుసలో ప్రతిసారీ సూదిదారం ఒకటి అన్ని కుట్లలో నుంచి దూర్చి వదిలేశాను. పైన ఏ తప్పు జరిగినా ఊడదీసుకుంటూ వచ్చి అక్కడ ఆగవచ్చు. ఈ దారంతో పనిచేసేటప్పుడు అది విడవకూడని జాగ్రత్త.

రెండు చేతులనూ ఒకే వలయం సూది మీద, రెండు ఉండలతో పక్కపక్కనే అల్లాను. అలా చేస్తే ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయ్యే భయం ఉండదు. మణికట్టు దగ్గర 40 కుట్లు. పట్టీ తరువాత 6 వరుసలకొకసారి రెండు అంచుల్లో ఒక్కొక్క కుట్టు పెంచుతూ పోతే 13 సార్లకు 66 అయ్యాయి. దండ దగ్గర అమ్మ చేయి 31 సెంటీమీటర్లు, ఆ 66 కుట్లలో అంచుల 2 పోగా 32 సెంటీమీటర్లు వస్తుంది. చేయి ఎత్తి దండెం మీద బట్ట ఆరేయడానికి ఆ ఒక్క సెంటీమీటరు చాలు.

ఇక చేతి పైభాగపు గంట. ఇక్కడే పొరపాటు జరిగింది. ఆది జాకెట్టు చేతిని విప్పదీసినట్టు ఊహించుకుని, దాని గంట అంచును దారంతో కొలిచి, ఆ కొలతనే అల్లికలోకి తెచ్చాను. 5 కుట్ల చొప్పున రెండు వైపులా మూయడం, వరుస విడిచి వరుస 7 సార్లు తగ్గించడం వరకు చంక వంపుకు అద్దం పట్టినట్టు ఉంది. ఆపైన 4 వరుసలకొకసారి 2 సార్లు, మళ్లీ వరుస విడిచి వరుస 5 సార్లు తగ్గించి, చివరి 4 వరుసల మొదట్లో 3 కుట్ల చొప్పున మూసి, మిగిలిన 16 కుట్లను ఒక్కసారిగా మూశాను. మొత్తం 38 వరుసలు. పక్కలు, భుజాలు కుట్టి, చేతులను పిన్నీసులతో తగిలించి అమ్మకు తొడిగాను. అమ్మ అద్దంలో చూసుకుని, కుడి భుజం మీద లేచి నిలబడ్డ ఉబ్బును వేలితో నొక్కింది. వేలు తీయగానే అది మళ్లీ లేచింది.

"బుట్ట చేతులొచ్చాయే" అంది. "నా పెళ్లప్పుడు కుట్టించుకున్న రవికకు ఇలాగే ఉండేవి. అప్పుడు కావాలని పెట్టించుకున్నాం."

నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక తెలియని ఇల్లు అరుదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా ఆ గోదావరి తీరానికి వచ్చిన ఒంటి సూది అల్లిక (క్రోషే) అమ్మ చేతుల్లో చిన్నప్పటి నుంచి ఉంది. ఆమె కన్ను గుడ్డలో మిగులును వెంటనే పట్టేస్తుంది. నేను సర్దుకుంటుందిలే అనుకున్నదాన్ని ఆమె సర్దుకోదని తేల్చింది. కూర్చుని మళ్లీ కొలిచాము. చంక చుట్టూ దారం పెట్టి కొలిస్తే 43.5 సెంటీమీటర్లు, గంట అంచు చుట్టూ కొలిస్తే 46.5. చేయి చంక కంటే 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. రవిక గుడ్డ సాగదు కాబట్టి, భుజం గుండ్రదనం మీదుగా తిరగడానికి దర్జీ చేతి గంటను కావాలనే కొంచెం పెద్దగా కత్తిరించి, ఆ మిగులును కంటికి కనబడని చిన్న చిన్న కుచ్చుల్లో కుట్టులోకి లాక్కుంటాడు. అల్లిక తానే సాగి భుజం మీద తిరుగుతుంది. దానికి ఆ మిగులు అవసరం లేదు, ఇస్తే ఎక్కడికీ పోలేక పైకి లేస్తుంది. అమ్మ ఆది జాకెట్టు నాకు అన్ని కొలతలూ నేర్పింది గానీ, ఈ ఒక్కచోట గుడ్డ లెక్క వేరు, అల్లిక లెక్క వేరు.

రెండు చేతులూ ఒకేసారి అల్లిన ఫలితంగా రెండిటినీ ఊడదీయవలసి వచ్చింది. మొహెయిర్‌ను ఊడదీయడం మామూలు ఊలును ఊడదీయడం వంటిది కాదు. పక్కపక్క వరుసల నూగు ఒకదాన్నొకటి పట్టుకుని, లాగిన కొద్దీ ముడి బిగుస్తుంది, ఆత్రపడి గుంజితే లోపలి పట్టుపోగు తెగి, నూగు మాత్రం చేతికి వస్తుంది. చేతులు రెండింటినీ ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్రీజర్‌లో 2 గంటలు ఉంచాను. చల్లబడ్డ నూగు కొంత పట్టు వదులుతుంది. తీసి, ఒక్కొక్క కుట్టు వద్ద ఆగి, చిక్కుపడ్డ చోట చిన్న కత్తెర మొనతో నూగు వెంట్రుకలను మాత్రమే కత్తిరిస్తూ, అడుగున దూర్చిన తెల్లదారం కనిపించే వరకు వచ్చాను. దారం మళ్లీ వెచ్చబడగానే మరోసారి ఫ్రీజర్‌లోకి. అమ్మ పక్కన కూర్చుని ఊడిన దారాన్ని వదులుగా ఉండ చుట్టింది. ఒక చేతికి ఒక సాయంత్రం చొప్పున రెండు సాయంత్రాలు పట్టింది.

రెండోసారి, 4 వరుసలకొకసారి చేసిన ఆ రెండు తగ్గింపులను కూడా వరుస విడిచి వరుసకు మార్చాను. గంట 38 వరుసల నుంచి 34కు దిగింది, ఎత్తు 12 సెంటీమీటర్లు, చుట్టు అంచు 44. చంక కంటే అర సెంటీమీటరు మాత్రమే ఎక్కువ. ఒంటికి పట్టే పల్చని మొహెయిర్‌కు అంతకు మించి ఇవ్వకూడదని ఇప్పుడు నేను నమ్మకంగా చెప్పగలను.

కుట్టడానికి మొహెయిర్ దారం వాడలేదు. రెండు అంగుళాలు లాగేసరికి నూగు ఇరుక్కుని ఆగిపోతుంది. అదే రంగులో నూగు లేని సన్నని మెరీనో గొర్రె ఊలు పోగు తీసుకున్నాను. గంట నడినెత్తిని భుజం కుట్టుకు, కింది మూలలను పక్క కుట్టుకు పిన్నీసులతో నిలిపి, అక్కడ నుంచి రెండు వైపులకూ దిగాను. చంక తిన్నగా లేచే చోట అటు వరుసలు, ఇటు వంపు కుట్లు ఎదురుపడతాయి. 3 వరుసలకు 2 కుట్లు చొప్పున కలుపుకుంటూ పోతే లాగుడు రాలేదు. మరీ బిగించకుండా, ప్రతి నాలుగు వేళ్ల దూరానికీ బట్టను మెల్లగా సాగదీసి చూసుకున్నాను. భుజం కుట్టును మాత్రం బిగువుగానే ఉంచాను, చేతుల బరువు మోసేది అదే.

ఇక నోరు తెరుచుకోవడానికి విరుగుడు. రవికకు హుక్కుల పట్టీ, కాజాల పట్టీ ఉన్నట్టే దీనికి గుండీల పట్టీ, కాజాల పట్టీ రెండు పోగులతో, చిన్న సూదులతో, అంచు వెంట 4 వరుసలకు 3 కుట్లు ఎత్తుకుని అల్లాను. సంపిగె రోడ్డు స్టేషన్ నుంచి మెట్రోలో చిక్‌పేట రెండో స్టేషనే. ఆ సందుల్లో వేలి గోరంత ముత్యపుచిప్ప గుండీలు 9, సన్నని పట్టు రిబ్బను ఒక మీటరు తెచ్చుకున్నాను. రిబ్బనును పట్టీల వెనక చేతికుట్టుతో వేశాను. సాగే గుణం అక్కడితో ఆగిపోయింది. గుండీకీ గుండీకీ మధ్య 4.5 సెంటీమీటర్లు. పెద్ద గుండీలు అయిదు పెడితే చూడ్డానికి బాగుంటుందని ఒక దుకాణదారు చెప్పారు గానీ, ఒంటికి పట్టే బట్టకు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉండడమే సరైనదని నా అభిప్రాయం.

ఉతకడం అమ్మ చేసింది. పట్టుచీరలకు చేసినట్టే కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, ఆ రసాన్ని పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టింది. పిప్పి నలక ఒక్కటి మిగిలినా నూగులో చిక్కుకుంటే రాదు. గది వేడిమి నీళ్లలో పావుగంట నానబెట్టి, పిండకుండా, తువ్వాలులో చాప చుట్టినట్టు చుట్టి నొక్కి, నీడలో చాప మీద కొలతలకు సర్ది ఆరబెట్టాము. తడిసినప్పుడు అది అరచేతిలో ఇమిడే ముద్ద. ఆరిన కొద్దీ నూగు లేచి, మర్నాటి ఉదయానికి చాప మీద పొగమంచు పరిచినట్టు ఉంది. వంటింటి త్రాసు మీద పెడితే గుండీలు, రిబ్బనుతో కలిపి 104 గ్రాములు.

డిసెంబరు మూడో వారంలో అమ్మ దాన్ని మొదటిసారి వేసుకుని బాల్కనీలోకి వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడి భుజం కుట్టునే చూస్తున్నాను. వత్తి సరిచేయడానికి ఆమె చేయి చాచినప్పుడు చంక దగ్గర బట్ట లేవలేదు, దించినప్పుడు మడత పడలేదు, పైట తన చోట తాను ఉంది. ఎనిమిదింటికి ఎండ పడగానే పైట కింద నుంచే గుండీలు విప్పి, తీసి, మడిచి ఒళ్లో పెట్టుకుని కాఫీ తాగింది. చర్మానికి గుచ్చుకుంటోందా అని అడిగితే, మెడ వెనక ఒక్కచోట అని చెప్పింది. అక్కడ మెడపట్టీ లోపల మిగిలిన రిబ్బను ముక్క కుట్టాను.

ఊరికి వెళ్లేటప్పుడు దాన్ని మరోసారి ఉతికించి, పూర్తిగా ఆరాకే నూలు సంచిలో పెట్టాను. చెమట, నూనె మరక ఉన్న చోటే పురుగు ముందు పడుతుంది. అమ్మ మాత్రం నా మాట మీద నమ్మకం చాలక సంచిలో గుప్పెడు ఎండు వేపాకు కూడా వేసుకుంది.

ఆది జాకెట్టు నా బీరువాలోనే ఉండిపోయింది. దాని పక్కన ఇప్పుడు మా పిన్నిది ఇంకొకటి చేరింది, పోస్టులో పంపించింది. పిన్ని ఛాతీ 90, భుజం 34 సెంటీమీటర్లు. వెనక భాగానికి 92 కుట్లు ఎక్కించి, చంక దగ్గర 5 మూశాక వరుస విడిచి వరుస 6 సార్లు తగ్గిస్తే 70 దగ్గర ఆగుతుంది. చేతుల గంటకు ఈసారి జాకెట్టును కొలవడం లేదు. ముందు చంక అల్లి, ఉతికి, ఆ అంచు కొలిచాకే చేతులు మొదలుపెడతాను.